తాటస్థ్యమా? ఆయుధ సన్నాహమా?

ఒక రాజ్యము తన్ను తాను సార్వభౌమమని ప్రకటించుకొనుటకు ఒక ఫర్మానా చాలును. ఆ ప్రకటనను లోకము మన్నించుటకు మాత్రము మూడు కావలయును: అందలి ప్రజల సమ్మతి, పొరుగువారి నిశ్చింత, వివాదమును తీర్పరి యెదుట నుంచుటకు సంసిద్ధత. వీనిలో నేది లోపించినను సార్వభౌమత్వము కాగితముపై సిరాగనే మిగులును. 1947, 48 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమును గూర్చి ఢిల్లీ, లండను, పారిసు నగరములలో జరిగిన వాదప్రతివాదములను నేడు తిరుగవేసి చూచినచో తేలు సారాంశ మిదియే. అది మన మెరకసీమకు దూరపు వార్త కాదు. జగ్గయ్యపేటనుండి పడమరగా పోయిన బాట కొలది క్రోసులలోనే కోదాడవద్ద నైజాము ఇలాకాలో ప్రవేశించుచుండెను. వేదాద్రి నరసింహస్వామి సన్నిధిని కృష్ణలో మునిగిన యాత్రికులలో ఆ యిలాకా వారును ఈ యిలాకా వారును కలిసియే యుండిరి. భాష ఒకటి, బంధుత్వ మొకటి, సంతలు ఒకటి. పాలన మాత్రమే వేరు.

ఈ సరిహద్దు పుట్టుక నెఱుగనిదే తరువాతి వివాదము బోధపడదు. 1766 నవంబరు 12వ తేదీ సంధివలన నిజాము ఆలీ ఉత్తర సర్కారులపై ఈస్టిండియా కంపెనీ అధికారమును అంగీకరించెను. అందుకు కంపెనీ ఏటేట పేష్కషు చెల్లింపవలసి యుండెను. ఆ పేష్కషును 1823లో కంపెనీ ఒక్కుమ్మడిగా సొమ్ము చెల్లించి తీర్చివేసెను. మన నందిగామ ప్రాంతముండిన కొండపల్లి సర్కారు ఆ విధముగ చేతులు మారినది. కాని వజ్రపు గనులున్న పరిటాలను, దాని చుట్టుప్రక్కల కొలది గ్రామములను నిజాము తనకే అట్టిపెట్టుకొనెను. అందుచేత బెజవాడ, నందిగామల నడుమ, నాలుగుదిక్కుల బ్రిటిషు భూమి యుండగా నైజాము దీవి యొకటి నిలిచెను. దీనికి సరిగా ఎదురుబొమ్మ మునగాల పరగణా. అది మన నందిగామ తాలూకాలోని జమీందారీ. చుట్టును మాత్రము నైజాము ఇలాకా. తాలూకా కచ్చేరీకి రావలెనన్న మునగాల రైతు పరదేశపు బాటను నడువవలసి యుండెను. పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగిరి చేసిన సంస్థాన మిదియే. ఇట్టి దీవులున్నచోట సరిహద్దు రేఖ పవిత్రమని వాదించుట ఎవరికిని సులభము కాదు. ఎందుకనగా ఆ రేఖను ప్రజల యోగక్షేమములు గీయలేదు, వజ్రపు గనులును పేష్కషు లెక్కలును గీసినవి.

1947 జూన్ 12వ తేదీన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను, బ్రిటిషు అధిరాజ్యము తొలగినంతనే తాను స్వతంత్ర సార్వభౌము డగుదునని ప్రకటించెను. జూలై 18న అంగీకరింపబడిన ఇండియా స్వాతంత్ర్య శాసనములోని ఏడవ విభాగము సంస్థానములపై చక్రవర్తి అధికారము రద్దగునని చెప్పిన మాట వాస్తవమే. నిజాము న్యాయవాదులు ఆ వాక్యమునే పట్టుకొనిరి. కాని అధికారము తొలగుట వేరు, అంతర్జాతీయ వ్యక్తిత్వము సిద్ధించుట వేరు. బీరారు విషయమున నిజాము సమానస్థాయిని కోరగా, 1926 మార్చి 27వ తేదీ లేఖలో రాజప్రతినిధి రీడింగు ప్రభువు, ఇండియాలో బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమనియు, ఏ సంస్థానాధీశుడును బ్రిటిషువారితో సమస్కంధుడై సంప్రతింపజాలడనియు నిష్కర్షగా తెలిపియుండెను. బ్రిటిషు ప్రభుత్వము 1947లో సయితము ఏ సంస్థానమును ప్రత్యేక అంతర్జాతీయ రాజ్యముగా గుర్తింప దలచలేదు. ఎన్నడును లేని స్వాతంత్ర్యము, పైవాడు తప్పుకొన్నంతమాత్రమున వారసత్వముగ సంక్రమించునా? ఇది మొదటి చిక్కు.

రెండవ చిక్కు తాటస్థ్యము. 1947 ఆగస్టులో నిజాము పంపిన ప్రతిపాదనలు మొదటి చూపునకు ఉదారముగనే కనుపడును. రైళ్లు, రాకపోకల విషయమున ఇండియా పద్ధతులను అనుసరింతును. రక్షణకు సేన నిత్తును. విదేశాంగనీతి ఇండియా నీతికి అనుగుణముగ నుంచుకొందును అని ఆయన వ్రాసెను. కాని ఒక్క మినహాయింపు: ఇండియా, పాకిస్తానులకు యుద్ధము వచ్చినచో హైదరాబాదు తటస్థముగ నుండును. ఆ యొక్క వాక్యముతో తక్కిన వాక్యముల విలువ హరించినది. యుద్ధము వచ్చినపుడు పనికిరాని రక్షణ ఒప్పందమునకు అర్థమేమి?

తాటస్థ్యము నింద్య మని మా వాదము కాదు. అది గౌరవనీయమైన స్థితి. కాని దానికి నియమములు గలవు. స్విట్జర్లాండు తాటస్థ్యమును 1815లో ఐరోపా రాజ్యములు ఒడంబడికద్వారా అంగీకరించినవి; నాలుగువైపుల భూమియే యున్నను, ఆ దేశము తన ఆయుధములను ఉభయ పక్షములను తన భూమికి దూరముగ నుంచుటకే వాడుకొన్నది. బెల్జియము తాటస్థ్యమునకు 1839లో పెద్ద రాజ్యములు పూచీపడినవి. 1914లో జర్మనీ ఆ పూచీని తెంచగా అది ఇంగ్లండు యుద్ధములో దిగుటకు ముఖ్యకారణ మాయెను. స్వీడను, ఫిన్లండుల నడుమ ఆలండు దీవుల తగవును నానాజాతి సమితి 1921లో పరిష్కరించినపుడు సార్వభౌమత్వమును ఫిన్లండునకు ఇచ్చి, దీవులలో కోటలు గాని సేనలు గాని ఉండరాదని కట్టడి చేసినది. ఈ మూడింటియందును కనుపడు సూత్ర మొక్కటే: తటస్థుడు పొరుగువానికి నిశ్చింత కలిగింపవలెను; ఆ నిశ్చింతకు ప్రతిఫలముగనే వాని సరిహద్దు మన్నన పొందును.

హైదరాబాదు స్థితి యెట్టిది? సుమారు 82,000 చదరపు మైళ్ల వైశాల్యము, 1941 జనాభా లెక్క ప్రకారము కోటి అరువదిమూడు లక్షల ప్రజలు. సముద్రతీరము లేదు. నాలుగుదిక్కుల ఇండియా భూమియే. ఉత్తరదక్షిణములను కలుపు రైలుమార్గములు దాని గుండెమీదుగా పోవుచుండెను. ఇట్టిచో యుద్ధ సమయమున హైదరాబాదు తటస్థమగుట యనగా మద్రాసు, ఢిల్లీల నడుమ దారి తెగుటయే. పాకిస్తానునకు ఆ తాటస్థ్యమువలన పోవునది లేదు. ఇండియాకు మిగులునది లేదు. ఉభయులకు సమానముగ భారము కలిగింపనిది తాటస్థ్య మనిపించుకొనదు.

1947 నవంబరు 29న ఏడాదికాలపు యథాతథ ఒడంబడిక కుదిరెను. సంస్థానములో శాంతి కాపాడుటకు సేనలు పంపు హక్కును గాని బాధ్యతను గాని అది ఇండియాకు కలిగింపలేదు. యుద్ధకాలమున, అదియును నిజాము సమ్మతితో తప్ప, అక్కడ సేనల నుంచరాదనియు అందు కలదు. తగవు వచ్చినచో ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించి, వారిచే పైతీర్పరి నేర్పరుపవలెనని ఒక నిబంధన చేర్చిరి. సికిందరాబాదులోని ఇండియా సేనలు వెడలిపోయినవి. న్యాయముగ చూచినచో హైదరాబాదునకు ఇంతకంటె అనుకూలమైన అవకాశము దొరకదు. సేనలు లేవు, అధిరాజ్యము లేదు, మధ్యవర్తి మార్గము తెరచియున్నది. ఆ యేడాదిని ఆ ప్రభుత్వ మెట్లు వినియోగించెను?

పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల ఇండియా ప్రభుత్వ పత్రములను అప్పుగా నిచ్చెను. ఇండియా నాణెము సంస్థానములో చెల్లదని శాసించెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో కరాచీ నుండి రాత్రివేళల ఆయుధములను విమానములలో బీదరు, వరంగల్లులకు చేరవేసెను. అన్నిటికంటె ముఖ్యముగ, కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారు దళములు ప్రభుత్వము కన్నులయెదుటనే సాయుధములై పెరిగినవి. 1948 మే 22న గంగాపూరు స్టేషనులో రైలు ప్రయాణికులపై దాడి జరిగెను. బార్సీ తాలూకా గ్రామములకు పోవుచున్న ఇండియా సైనికులపై జూలైలో నానజు గ్రామమువద్ద కాల్పులు జరిగెను. అదియు మన మునగాలవంటి దీవుల బాట తగవే. మన ఎల్లయందును ఖమ్మము, నల్లగొండ ప్రాంతముల నుండి కుటుంబములు కట్టుబట్టలతో ఈవలి గ్రామములకు తరలివచ్చినవి. పరిటాల ప్రజలు నిజాము పాలనను త్రోసిపుచ్చి తమ పాలనను తామే నెలకొల్పుకొనిరి. దానిని నేటికిని పరిటాల రిపబ్లిక్కనియే చెప్పుకొందురు. సైనికుడు కాని వానికి తుపాకి నిచ్చి, వాడు చేసిన పనికి మాకు బాధ్యత లేదనుట ఏ న్యాయశాస్త్రమునకును సమ్మతము కాదు. తన భూమి నుండి పొరుగు భూమిపై దాడి జరుగకుండ చూచుట తటస్థుని మొదటి విధి.

ఎదుటి పక్షపు ఫిర్యాదును దాచిపెట్టుట పత్రికాధర్మము కాదు. ఉప్పు, మందులు, యంత్రసామగ్రి ఇండియా ఎల్లలవద్ద నిలిపివేయబడుచున్నవని హైదరాబాదు ఆరోపించెను. సరకుల నిర్బంధమువలన ముందుగ కష్టపడునది ప్రభువు గాదు, సామాన్యుడు. ఒడంబడికను నీవు మీరితివన నీవే మీరితివని ఉభయులును లేఖలు వ్రాసికొనిరి. మధ్యవర్తులు మాత్రము ఒక్కనాడును కూర్చుండలేదు. చేతిలోనున్న తీర్పు మార్గము ఎవరికిని ఉపయోగపడకుండ పోయినది. ఈ కథ యంతటిలో మిక్కిలి విచారింపదగిన దిదియే.

1948 జూన్‌లో చివరి ముసాయిదా సిద్ధమయ్యెను. ప్రజాభిప్రాయ సేకరణ, బాధ్యతాయుత ప్రభుత్వము, సేనకు మితి, రజాకారుల రద్దు అందులోని ముఖ్యాంశములు. నిజాము దానిని నిరాకరించెను. ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి భద్రతా సంఘమునకు ఫిర్యాదు పంపెను. సమితిలో సభ్యత్వము లేని రాజ్యము సయితము వివాదమును తేవచ్చునను ముప్పదియైదవ అధికరణము దానికి ఆధారము. ఆ రాత్రియే హైదరాబాదు వీథిలో ఇమ్రోజు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖానుపై హంతకులు దాడిచేయగా ఆయన ప్రాణములు విడిచెను. సంస్థానము ఇండియాలో చేరుట మేలని వ్రాసినదే ఆయన నేరము. లోకము యెదుట న్యాయమును యాచించిన రాజ్యము తన రాజధానిలో ఒక సంపాదకుని కలమును కాపాడలేకపోయినది. ప్రజాసమ్మతిని గూర్చి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము కావలయునా?

సెప్టెంబరు 13న ఇండియా సేనలు కదలినవి. ప్రధాన దళము షోలాపూరు నుండి, తూర్పు దళము బెజవాడ నుండి బయలుదేరెను. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోయిన ఆ తూర్పు దళము కోదాడ, మునగాల, సూర్యాపేటల మార్గమున నడచెను. మూసీ వంతెనను నైజాము సేనలు కూల్చివేయగా సైనిక ఇంజనీర్లు దారి చేసిరి. 16వ తేదీన పారిసులో భద్రతా సంఘము సమావేశమై హైదరాబాదు విషయమును కార్యక్రమములో చేర్చుటకు ఎనిమిది వోట్లతో అంగీకరించెను, వ్యతిరేకించినవారు లేరు, చైనా, సోవియటు, ఉక్రెయిను ప్రతినిధులు తటస్థముగ నుండిరి. మొయిన్ నవాజ్ జంగు హైదరాబాదు పక్షమునను, సర్ రామస్వామి మొదలియారు ఇండియా పక్షమునను వాదించిరి. హైదరాబాదు అంతర్జాతీయ న్యాయమున రాజ్యమే కాదనియు, ఇది ఇంటి వ్యవహారమనియు ఇండియా వాదము. మరునాడే, 17వ తేదీన, నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. 18న సేనాధిపతి ఎల్ ఎడ్రూసు మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. 22న నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి పంపెను. పాకిస్తాను కోరికపై 1949 మే నెలలో సంఘము మఱల ఆ ప్రసంగమును విన్నది. తీర్మాన మేదియు చేయలేదు.

ఇచ్చట ఒక సత్యమును మనవారును ఒప్పుకొనవలెను. భద్రతా సంఘము ఇండియా వాదమును నిగ్గుతేల్చి ఆమోదింపలేదు. హైదరాబాదు వాదమును త్రోసివేయను లేదు. న్యాయప్రశ్న తీర్పు లేకయే నిలిచిపోయినది. ఫిర్యాదు విచారణలో నుండగా సేనలు నడపుట తగునా యని ఆర్జెంటీనా ప్రతినిధి మొదలగువారు వేసిన ప్రశ్నకు, పోలీసు చర్య యని పేరు పెట్టినంతమాత్రమున సమాధానము రాదు. విజయము తరువాతి దినములు మఱింత కఠినమైన ప్రశ్నను వేయుచున్నవి. కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారుల బృందము 1948 చివర సంస్థానమున పర్యటించి, ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ముఖ్యముగా 27,000 నుండి 40,000 వఱకు జనము హతులైరని అంచనా వేసెను. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దముల తరబడి వెలుగు చూడలేదు. రజాకారుల దుండగములను లెక్కించిన నోటనే ఈ లెక్కనుగూడ చెప్పినపుడే మన న్యాయవాదమునకు బలము. నిరాయుధుడైన గ్రామస్థుని రక్షించుటయే సార్వభౌమత్వమునకు గురుతైనచో, ఆ గురుతు ఓడినవానికొకటి, గెలిచినవానికొకటి కాజాలదు.

మఱి ఇండియా అధికారమునకు న్యాయబలము ఎప్పుడు చేకూరినది? మా యభిప్రాయమున అది 1948 సెప్టెంబరులో కాదు, 1952లో. జునాగఢములో 1948 ఫిబ్రవరి 20న ప్రజాభిప్రాయమును సేకరించిరి. కాశ్మీర విషయమున ఇండియాయే 1948 జనవరి 1న భద్రతా సంఘము గడప తొక్కినది. అక్కడి ప్రజాభిప్రాయ సేకరణ మాటగనే మిగిలినది, వివాదము నేటికిని తీరలేదు. హైదరాబాదులోను ప్రత్యేక సేకరణ జరుగలేదు. నిజామును 1950 జనవరి 26 నుండి 1956 వఱకు రాజప్రముఖునిగనే ఉంచిరి. కాని 1952లో వయోజనులందఱకును వోటు లభించి శాసనసభ యేర్పడినది. బూర్గుల రామకృష్ణరావుగారు ముఖ్యమంత్రియైరి. 1951 అక్టోబరు వఱకు సేనలతో పోరాడిన కమ్యూనిస్టుల నాయకుడు రావి నారాయణరెడ్డిగారిని నల్లగొండ వోటర్లు దేశములోనే మిక్కిలి పెద్ద వోట్లసంఖ్యతో లోక్‌సభకు పంపిరి. ప్రభుత్వమును ధిక్కరించినవానిని గెలిపించుటకు స్వేచ్ఛ యున్న వోటే సమ్మతి యనదగినది. నిజాము ఫర్మానాలో లేనిదియు, ఫిరంగి తేలేనిదియు అదియే. దీవులు సయితము కాలక్రమమున కరిగిపోయినవి: పరిటాల కృష్ణా జిల్లాలో కలిసెను, మునగాల నల్లగొండ జిల్లాకు చేరి, నేడు తెలంగాణమున సూర్యాపేట జిల్లాలో నున్నది.

ఇదంతయు గతించిన కథ యని పాఠకులు తలంపరాదు. 2014 తరువాత కోదాడ, జగ్గయ్యపేటల నడుమ ఎల్ల మఱల గీయబడినది. అది రెండు దేశముల సరిహద్దు కాదు, ఒక రాజ్యాంగమునకు లోబడిన రెండు రాష్ట్రముల పొలిమేర. అయినను పాత రోగలక్షణము అప్పుడప్పుడు తలయెత్తుచున్నది. 2021 జూలైలో వేదాద్రికి ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టువద్ద విద్యుదుత్పత్తి తగవు వచ్చి ఉభయ రాష్ట్రముల పోలీసులు మోహరించిరి. 2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటినపిమ్మట ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్టపై ప్రవేశించి, 26 గేట్లలో 13 గేట్ల వఱకు తమ స్వాధీనమునకు తెచ్చుకొని ముళ్లకంచె వేసిరి. తుదకు కేంద్రము జోక్యము చేసికొని, 28వ తేదీనాటి స్థితిని పాటింపవలెనని చెప్పి, ఆనకట్ట రక్షణను కేంద్ర రిజర్వు పోలీసులకు అప్పగించెను. కృష్ణానదీ యాజమాన్య మండలి 2014 నుండియే యున్నది. నీటి పంపకములను గూర్చి న్యాయాధికరణమునకు 2023 అక్టోబరులో కేంద్రము క్రొత్త విచారణాంశములను ఒప్పగించియున్నది. తీర్పరి యుండగా కంచె యెందులకు?

ఎవరి వాదము ఎంత న్యాయమైనదో న్యాయాధికరణము చెప్పవలసినదే. మేము చెప్పునది దానికి ముందుమాట. వివాదములోనున్న చోటికి ఆయుధము ముందుగ పోయినచో, తరువాత న్యాయము చేరుటకు చాలకాలము పట్టును. ఆ నడిమికాలములో నష్టపడునది ఎల్లమీది రైతే. 1948లో మధ్యవర్తులు కూర్చుండినయెడల ఎన్ని ప్రాణములు దక్కియుండెడివో చెప్పజాలము. కూర్చుండనందువలన ఎన్ని పోయెనో కొంతవఱకైనను లెక్క యున్నది. పొలిమేరవాసులమైన మనము ఉభయ ప్రభుత్వములను కోరవలసినది ఇంతే: కృష్ణ నీటిని కొలుచువారిని పంపుడు, కాపలా దండును కాదు. ఆ కొలత ఆలస్యమైనచో కచ్చేరీలను నిలదీయుదము. కంచెను మాత్రము, అది ఏ ప్రభుత్వము వేసినదైనను, మనది యని సమర్థింపకుందము.